ఆనేకల్‌లో మా నాయన తవ్విన గుంట

ఆనేకల్ వెళ్ళాలనుకునేవాళ్ళకు ముందుగా ఒక మాట. బెంగళూరు మార్కెట్టు బస్‌స్టాండులో పొద్దున ఎనిమిదిలోపు ఎక్కండి, కిటికీ పక్క సీటు దొరుకుతుంది. నేను ఎనిమిదీ ఇరవైకి ఎక్కాను, వెనక చక్రం మీది సీటు దొరికింది. బన్నేరుఘట్ట, జిగణి మీదుగా వెళ్ళే బస్సు అది.

మాది బెంగళూరు పాతపేటలో పట్టుచీరల అంగడి. మా అక్కను ఆనేకల్‌లో నేతపని చేసే ఇంటికి ఇచ్చాం. పెళ్ళప్పుడు మా నాయన మగ్గం పెట్టించడమే కాదు, నేసేవాడు కాళ్ళు దించి కూర్చునే గుంటను తన చేతులతోనే తవ్వి ఇచ్చాడు. ఆరు నెలల కిందట, మా మనవడికి పేరు పెట్టిన రోజున, బావ రంగప్ప "ఆ గుంట పూడ్చేస్తానప్పా" అన్నాడు. అంతే, నేను తోక తొక్కిన పామునయ్యాను. గుంట మగ్గం గొప్పతనం గురించి పందిరి ఎగిరిపోయేలా అరిచాను. ఆయన విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి మాటల్లేవు. మొన్న అక్క ఫోను చేసింది.

"నువ్వే వచ్చి తేల్చుకోప్పా. ఈసారీ కొట్లాడితిరా, నీ గడప తొక్కేది లే నేను."

నాకున్నది ఒక్కతే అక్క. అందుకే ఈ ప్రయాణం.

బస్సులో నాకు టికెట్టు, ఆడవాళ్ళకు ఉచితం కనుక పక్కనున్న అమ్మాయికి లేదు. ముందు సీటు పెద్దాయన "మొగోళ్ళు ఏం పాపం చేసినారప్పా?" అని కండక్టరును నిలదీశాడు. "ఇంటికి పోయి అడగండి సార్, మిగిలిన దుడ్డు ఆయమ్మ దగ్గరే ఉంటాది" అన్నాడు కండక్టరు. పెద్దాయన కూడా నవ్వేశాడు.

బావతో వాదించడానికని బిల్లు కాగితం వెనక రాసుకున్న ఎనిమిది పాయింట్లను లోలోపల వల్లె వేసుకుంటున్నాననుకున్నాను. పైకే వినిపించిందట.

"మీటింగుకా అంకుల్?" అంది పక్కనున్న అమ్మాయి. పేరు సలోమి, ఊరు ఒంగోలు దగ్గర, జిగణిలో ఒక ఆసుపత్రిలో నర్సు. సంగతంతా చెప్పాను.

"మరి ఎందుకు పూడుస్తానన్నారండి మీ బావగారు?"

నాకేం తెలుసు? ఆయన్ను చెప్పనిస్తే కదా!

"మా డ్యూటీ మారేటప్పుడు ఒక పద్ధతి ఉందంకుల్. అవతలి సిస్టర్ చెప్పింది విని, మళ్ళీ ఆవిడకే అప్పజెప్పాలి. ఆవిడ 'కరెక్ట్' అన్నాకే పేషెంట్ దగ్గరికి వెళ్తాం. మధ్యలో మన తెలివితేటలు కలపకూడదు" అంది. తొమ్మిదీ యాభైకి జిగణిలో దిగిపోయింది. నేను కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను.

పదీ ఇరవైకి ఆనేకల్. బస్‌స్టాండు ఎదుట హోటల్లో పళ్ళెమంత వెడల్పుండే తట్టె ఇడ్లీలు బాగుంటాయి. రెండు తింటే మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు. నేను ధైర్యానికని మూడు తిన్నాను. అక్కడి నుంచి ఇంటికి పది నిమిషాల నడక. వాకిట్లో ఎర్రమట్టి కుప్ప కనబడింది. దాని మీద గడ్డి మొలిచి ఉంది.

"రాప్పా" అన్నాడు బావ, నా ముఖం చూడకుండా.

"నువ్వు చెప్పు బావా. నడుమ నేను నోరు తెరిస్తే చెవి మెలిపెట్టు."

వంటింట్లోంచి అక్క తొంగిచూసింది, వీడికి జ్వరమేమో అన్నట్టు.

బావ చెప్పాడు, నేను విన్నాను. తర్వాత అప్పజెప్పాను. "అంటే నీకు గుంట మగ్గం మీద మోజు పోయింది."

"నేను అట్ల చెప్పలేదే."

"కష్టమని వదిలేస్తున్నావు."

"అదీ కాదప్పా. సరింగా విను. నేల తేమకు పట్టునూలు తెగదు అంటావే, నిజమే. ఆ తేమే నా మోకాళ్ళు తినేసింది. మగ్గం ఇడిచేది లే. పైకెత్తి నిలబెట్టి, బల్ల మీద కూర్చొని నేస్తా. నూలు నాలుగుసార్లు ఎక్కువ తెగుతాది, అతుక్కుంటా. మోకాలు అతికేది ఎవరు?"

ఆ మాటలే పొల్లు పోకుండా తిరిగి చెప్పాను. "ఆ, ఇప్పుడు సరిపోయింది" అన్నాడు.

గుంట మగ్గం చీర ఒంటి మీద జారే తీరే వేరని నేను ఇప్పటికీ నమ్ముతాను. ఆ మాటా చెప్పాను. ఈసారి బావ లేచి వెళ్ళలేదు. "ఎండాకాలం నూలు కింద తడి గోనెపట్టా పరిచి చూస్తాలే" అన్నాడు.

"మరి ఆరు నెలలుగా మట్టి తెప్పించి ఊరికే కూర్చున్నావెందుకు?"

"మీ నాయన తవ్విన గుంటప్పా అది. మీ ఇంటి చెయ్యి పడకుండా ఎట్ల పూడ్చేది? ఆ పొద్దు నిన్ను పిలిచేకే వస్తిని. చెప్పనిస్తివా నువ్వు?"

నాకు సిగ్గేసింది, కళ్ళు చెమ్మగిల్లాయి కూడా. పెద్దల మీద గౌరవం లేదని నేను ఊరంతా చాటిన మనిషి, ఆ గౌరవంతోనే మోకాళ్ళ నొప్పి ఆరు నెలలు ఎక్కువ భరించాడు.

మధ్యాహ్నం రాగిముద్ద, ఆకుకూరలతో కాచిన సొప్పు సారు. రెండు గంటలకు అక్క గుంట గట్టున కుంకుమ పెట్టి కర్పూరం వెలిగించింది. మా నాయనను తలుచుకుని మొదటి తట్ట మట్టి నేను పోశాను. నాలుగో తట్టకే నా చేతులు బొబ్బలెక్కాయి. "అంగడి చేతులు!" అని అక్క ఒకటే నవ్వు. వచ్చే నెల మా ఇంటికి వస్తానంది, ఇద్దరం వస్తామంది.

ఐదూ పదికి తిరుగు బస్సు. జిగణిలో ఎక్కిన ఒక బట్టల మిల్లు సూపర్‌వైజరు నా పక్కన కూర్చుని, "చేతి మగ్గాల కాలం అయిపోయింది సార్" అన్నాడు. నాలుక దురద పెట్టింది. ఎనిమిది పాయింట్లూ జేబులోనే ఉన్నాయి.

"ఎందుకలా అంటారు?" అన్నాను.

బన్నేరుఘట్ట దాటేదాకా చెప్పాడు. సగం నాకు నచ్చలేదు. మిగతా సగం నేను ఎన్నడూ వినని సంగతి. దిగేముందు అదంతా ఆయనకే అప్పజెబితే, "కరెక్టుగా చెప్పినారు" అని చెయ్యి కలిపాడు. బొబ్బల చెయ్యి, చుర్రుమంది.

వెళ్ళేవాళ్ళ కోసం చివరగా: మార్కెట్టు నుంచి ఆనేకల్‌కు బస్సులో రెండు గంటలు పడుతుంది. నాకైతే ఆరు నెలలు పట్టింది.