తొలి ప్రతి ఎవరి చేతిలో పెట్టానంటే

నా నవల ఆవిష్కరణ సభ బాగా జరిగిందని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఫొటోలు చూసి అంటారు. ఫొటోల్లో అందరం నవ్వుతూనే ఉన్నాం మరి.

ఆ నవల నాకు నెల్లికుదురు అవ్వ ఇచ్చింది. ఆమె మాకు చుట్టం కాదు. మహబూబాబాద్ దవాఖానలో మా అమ్మ పక్క మంచంలో ఉండేది. వయసులో ఉన్నప్పుడు బావులు తవ్వే ముఠాతో ఊరూరా తిరిగి తట్టలు మోసిందట. ఆ ముచ్చట్లు అమ్మకు చెప్తుంటే నేను విన్నాను. తర్వాత నాలుగేళ్లు, ఆదివారం వస్తే చాలు, జనగామలో రైలెక్కి, మహబూబాబాద్‌లో దిగి, బస్సులో ఆమె ఇంటికి వెళ్లేవాణ్ణి. ఆమె చెప్పింది వారమంతా రాసి, మళ్లీ ఆదివారం ఆమెకే చదివి వినిపించేవాణ్ణి. ఆమెకు చదువు రాదు. కానీ తప్పు ఎక్కడుందో నాకంటే ముందు పట్టుకునేది.

"గట్ల కాదు బిడ్డా. మట్టి తట్ట నెత్తి మీదికి ఒక్కదాన్నే ఎట్ల ఎత్తుకుంట? ఎవలన్న చెయ్యియ్యాలె గద. నువ్వెన్నడన్న మోసినవా?"

మోయలేదు. ఇంటికొచ్చి మళ్లీ రాసేవాణ్ణి. ఒక అధ్యాయమైతే మొత్తం తీసేయించింది.

ఆమె మనసులో అన్నిటికంటే లోతుగా దిగినది ఒక్కటే. ఒక ఊళ్లో రెండు నెలలు తవ్వితే బావిలో నీళ్లు పడ్డాయి. పడ్డ రోజు తవ్వినవాళ్లను పక్కన నిలబెట్టి, భూమి గలవాళ్ల ఇంటి ఆడవాళ్లను పిలిచి మొదటి బిందె వాళ్లతో చేదించారు. ఆ బిందె మీదే నా నవల నిలబడింది. అందుకే ఆమె నాకు ఒకే షరతు పెట్టింది. పుస్తకం అచ్చయ్యాక మొదటిది తన చేతిలో పెట్టాలి. నేను మాటిచ్చాను.

హైదరాబాద్‌లో ఒక ప్రచురణకర్త నా రాతప్రతిని ఎనిమిది నెలలు ఉంచుకుని, "ఈ మనుషులతో మా పాఠకులకు పరిచయం లేదండీ" అని తిరిగిచ్చాడు. ఆ రోజు అతను తొడుక్కున్న గీతల చొక్కా కూడా నాకు గుర్తుంది. దాంతో నేనే అచ్చేసుకున్నాను. జనగామలో మా సాహిత్య సంఘం కార్యదర్శి సభ పెడతానన్నాడు. హాలు భూపాలపల్లికి చెందిన ఒక బొగ్గు లారీల కాంట్రాక్టరుది. కాబట్టి ముఖ్య అతిథి కూడా ఆయనే.

ప్రెస్సువాళ్లు సభ వేళకు ఒక్క పుస్తకమే పంపారు. వేదిక మీద అయిదుగురు అతిథులున్నారు. కార్యదర్శి ఏం చేశాడంటే, నాలుగు పాత టెన్త్ గైడ్లకు మెరుపు కాగితం చుట్టి రిబ్బన్లు కట్టాడు. నలుగురు అతిథులూ వాటిని విప్పకుండానే గుండెలకు ఆనించుకుని ఫొటో దిగారు. తమ చేతిలో ఉన్నదేమిటో చూడాలని ఒక్కరికీ అనిపించలేదు.

అవ్వను నేను ముందు వరుసలో కూర్చోబెట్టాను. అది గెస్టుల వరుస అని లేపి మూడో వరుసలోకి పంపారు. నేను కిందికి దిగబోతుంటే కార్యదర్శి నా చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, ఆయన మధ్యల పోతడట. రెండు ముక్కలు రాసి బుక్కు ఆయన చేతిల పెట్టు."

"అది అవ్వకియ్యాలె."

"అవ్వకేంది, రేపు మిగతయి రానే వస్తయి. హాలు ఆయనది. జర పరువు తియ్యకు."

పెన్ను కూడా కార్యదర్శే ఇచ్చాడు. ముఖ్య అతిథి ఇరవై నిమిషాలు తన లారీల గురించి మాట్లాడి, నా నవలను మంచి కవితల పుస్తకమని మెచ్చుకుని, దాన్ని పట్టుకుని కారెక్కాడు.

తర్వాతి ఆదివారం కొత్త ప్రతి తీసుకుని వెళ్లి, మొదటిది ఆయన గుంజుకుపోయాడని చెబితే అవ్వ దాన్ని ముట్టలేదు.

"రెండో బిందె నాకెందుకు?" అంది.

అప్పటికి రెండో నవల సగంలో ఉంది. ఆమె ముఠా వదిలేశాక ఏమైందో మిగతాది చెప్పాల్సింది ఆమే. చెప్పనంది.

ఆ వారమే భూపాలపల్లి వెళ్లాను. కాంట్రాక్టరు ఇంట్లో లేడు. ఆయన భార్యకు సంగతి చెబితే నవ్వింది.

"గా అల్మారల సూడు తమ్మీ. ఈయన మీటింగులకు పోయినప్పుడల్ల తెస్తడు. ఏది నీదో తీస్కపో. నాకైతే జాగ మిగుల్తది."

శాలువాల కింద, రిబ్బన్లు కూడా విప్పని పుస్తకాల మధ్య నాది దొరికింది. మొదటి పేజీ తప్ప మిగతావి మడత కూడా నలగలేదు.

అటునుంచి అటే నెల్లికుదురు చేరేసరికి పొద్దు వాలింది. అవ్వ పుస్తకం అటూ ఇటూ తిప్పి, మొదటి పేజీలో సిరా రాత మీద వేలు పెట్టింది.

"గిదేంది?"

ఏదో ఒకటి చెప్పేయొచ్చు. ఆమెకు చదువు రాదు. కానీ నాలుగేళ్లు ఆమెకు అబద్ధం చదివి వినిపించలేదు. "సాహిత్య పోషకులు, పెద్దలకు, తొలి ప్రతి, గౌరవంతో" అని చదివాను.

"ఎవలు రాసిండ్రు?"

"నేనే."

"ఆయన గుంజుకపోయిండన్నవ్ గద?"

నాకు కోపం ముంచుకొచ్చింది. ప్రెస్సును, కార్యదర్శిని, ఆమెను లేపి పంపినవాణ్ణి, గీతల చొక్కావాణ్ణి, అందర్నీ వరసపెట్టి తిట్టాను. ఆమె చివరిదాకా విన్నది.

"ఒడిసిందా? గుంజుకుంటే గుంజుకున్నడనే అందును. నువ్వే చేతిల పెట్టినవ్."

ఆ పేజీ చింపబోయాను. పుస్తకం నా చేతిలోంచి లాక్కుని పెట్టెలో పెట్టుకుంది. మిగతా కథ మాత్రం చెప్పలేదు.

నాలుగు ఆదివారాలైంది. వెళ్తూనే ఉన్నాను. పత్తి గురించి, కోళ్ల గురించి మాట్లాడుతుంది. బావుల ఊసు తీయదు. మొన్న కార్యదర్శి జనగామ బస్టాండులో కనిపించి రెండో నవలకు కూడా అదే హాలు మాట్లాడతానన్నాడు. నలుగురిలో ముఖం మీదే వద్దన్నాను. ఈ ఆదివారం ఆ సంగతి అవ్వకు చెప్పాను.

"గా మాట గా రోజు అనాల్సింది" అంది.

అని, నేను తీసి పట్టుకున్న పెన్ను వైపు చూసి, జేబులో పెట్టుకోమంది.