పిల్లలు ఆపమంటే ఆగే బండి

మా డ్రైవర్ కాక చనిపోయాడని పొద్దున పాలు పోసే ఆయన చెప్పాడు. గిన్నెలో పాలు కొలుస్తూనే చెప్పాడు. డెబ్బై దాటిన మనిషి, నెల రోజులుగా దవాఖాన చుట్టూ తిరుగుతున్నాడు కాబట్టి ఎవరమూ ఉలిక్కిపడలేదు. కాక అన్న పిలుపే గాని మాకు ఆయనతో చుట్టరికం లేదు. వరంగల్‌లో మా గల్లీ చివర ముప్పై ఏళ్లకు పైగా ఉండి, రెండేళ్ల కింద హనుమకొండలో కొడుకు ఇంటికి మారాడు. ఆ రోజు నేను స్టీలు సామాన్ల దుకాణం తెరవలేదు. పండక్కి కూడా సగం పూట తెరిచే రకాన్ని, అందుకని పక్క దుకాణం వాళ్లు ఇంట్లో ఎవరికైనా బాగాలేదా అని ఫోన్ చేశారు.

ఆయనకు పది మంది పట్టే తెల్ల బండి ఉండేది. సెలవుల్లో పిల్లాజెల్లాతో ఊరు తిరిగివద్దామనుకునే కుటుంబాలు ఆయన కోసం నెల ముందే చెప్పిపెట్టుకునేవి. బండి మాట్లాడుకున్నాక ఒక సాయంత్రం ఇంటికి వచ్చేవాడు. పెద్దవాళ్లు కుర్చీ వేసి, చూడాల్సిన ఊళ్ల చీటీ పట్టుకుని కూర్చుంటే, ఆయన వాళ్లను దాటి వెళ్లి మెట్ల మీద పిల్లల మధ్య కూలబడేవాడు. ఎవరికి కడుపులో తిప్పుతుంది, ఎవరికి కిటికీ కావాలి, ఎవరికి ఎవరితో మాటల్లేవు, ఎవరు కొత్తచోట నిద్రపోరు, అన్నీ అక్కడే తెలుసుకునేవాడు. చీటీ సంగతి చివర్లో, అదీ నిలబడే వినేవాడు. పెద్దవాళ్లతో ఆయనకు మర్యాద కొంచెం తక్కువే.

మనవాళ్ల అలవాటు తెలిసిందే. బండి దొరికిందంటే పాత మొక్కులన్నీ గుర్తొస్తాయి. ఒక గుళ్లో పుట్టువెంట్రుకలు, ఇంకో చోట ఎప్పుడో మొక్కిన బెల్లం, దారిలో ఉన్నారు కదాని మేనత్త ఆడబిడ్డను పలకరించడం. వీటి నడుమ పిల్లలకు ఒక జలపాతం. ఆయన దీనికి ససేమిరా ఒప్పుకునేవాడు కాదు. "మొక్కులకైతే పెద్దోళ్లు పొండ్రి. పిల్లలను తోలుకపోతె పిల్లల కోసమే పొండ్రి. రెండు కలిపితె రెండూ ఖరాబైతయి" అనేవాడు.

నాలుగింటికే లేపి చీకట్లో బయల్దేరదీయడం కూడా ఆయనకు నచ్చదు. పిల్లలు లేచి, తిని, దొడ్డికి పోయి వచ్చాకే తాళంచెవి తీసేవాడు. రోజుకు ఒక్క ఊరే. చేరాక మొదటి గంట ఏ పనీ పెట్టకూడదు, పిల్లలు మట్టిలో ఆడుకున్నా సరే. అన్నం ఆకలి కాకముందే పెట్టాలి, ఆకలై ఏడుస్తున్న పిల్ల ఏదీ తినదు. ఎవరి సంచి వాళ్లే సర్దుకోవాలి, అందులో పనికిరాని వస్తువు ఒకటి ఉన్నా తీసేయకూడదు. ఇక తిరుగు ప్రయాణం గురించి ఒక మాట అనేవాడు. "ఇంకా ఉంటమని ఏడ్చెటప్పుడే బండి ఎక్కియ్యాలె. పోదామని ఏడ్చేదాక ఉంచొద్దు." ఇప్పుడు బజార్లో ఎవరైనా పిల్లలతో ప్రయాణం అంటే నేను ఇవే చెబుతాను. నా సొంతమైనట్టు చెబుతాను.

నా పాపకు ఏడేళ్లప్పుడు ఈ మాటలేవీ నాకు పట్టలేదు. దుకాణం రెండు రోజులు మూస్తున్నాను కాబట్టి రెండు రోజుల్లో ఐదు చోట్లు చూడాలన్నది నా లెక్క. ఆయన రానన్నాడు. నాకు తిక్కరేగి వేరే బండి మాట్లాడాను. పాప మొదటి రోజే మూడుసార్లు వాంతి చేసుకుంది. మూడోది మా అమ్మ పట్టుచీర మీద పడింది, దర్శనానికి బండి దిగబోతున్న సమయంలో. అందరి ముందూ పిల్లను కొట్టాను. అది ఏడవలేదు. ఆ తర్వాత దారంతా నోరెత్తకుండా కూర్చుంటే, దారికొచ్చిందిలే అనుకున్నాను. ఐదు చోట్లూ చూసే వచ్చాం. ఫోటోలు కూడా బాగా వచ్చాయి, ఒక్కదాంట్లోనూ పాప ఇటు చూడదు.

తర్వాత అది మాతో బండి ఎక్కడం మానేసింది. ప్రయాణం మాట ఎత్తగానే కడుపునొప్పి అనేది, బయల్దేరే రోజు డాబా మీద నీళ్ల డ్రమ్ము వెనక దాక్కునేది. డాక్టరు వాంతులకు గోలీలు రాశాడు. గోలీ వేసుకునేది, బండి మాత్రం ఎక్కేది కాదు. మరిపెడలో దాని సొంత మేనమామ పెళ్లికి మా ఆవిడ పోలేకపోయింది, పిల్లను పట్టుకుని ఇంట్లో ఉండిపోయింది. నేను ఒక్కణ్నే వెళ్లి తిని వచ్చాను. ఆ సాయంత్రం ఆవిడ అరవలేదు, కుర్చీలో కూర్చుని మెల్లగా అంది, "పిల్ల మనతోని ఏడికీ రాకుండ అయితాంది. రేపు పెద్దగైనంక కూడ గిట్లనే ఉంటది" అని. అది విన్నాక నాకు మొదటిసారి భయం వేసింది. అహం పక్కన పెట్టి గల్లీ చివరికి నడిచాను.

కాక బీడీ కాలుస్తూ అంతా విన్నాడు. నన్ను తిట్టలేదు. బడికి ఎట్లా పోతున్నదని అడిగాడు. ఆటోలో పోతుందన్నాను. అందులో కక్కుతదా అన్నాడు. లేదన్నాను. కాసేపు బండి టైరు వంక చూసి, "ఆదివారం హసన్‌పర్తి చెరువు కాడికి పోదాం సేటూ. నువ్వు ఆఖరి సీట్ల కూసో. నోరు తెరువకు" అన్నాడు. పాప ముందు కూర్చుంటుంది, గాలి తగులుతుంది, అందుకే కాబోలు అనుకున్నాను.

ఆదివారం పాప గేటు పట్టుకుని నిలబడిపోయింది. ఆయన దాని ఎత్తుకు వంగి, "బిడ్డా, నువ్వు ఆపు అంటె ఆపుత. ఎందుకని అడుగ" అన్నాడు. అది ఎక్కింది. హసన్‌పర్తికి ఎంత దూరం, పోయేసరికి పదకొండు సార్లు ఆపించింది. ఒకసారి గేదెదూడ కోసం, ఒకసారి చెప్పు జారిందని, మిగతావి ఉత్తినే. ఆయన ప్రతిసారీ బండి పక్కకు తీసి, ఇంజను బంద్ చేసి, దిగి నడుము విరుచుకుని, పాప సరే అన్నాకే ఎక్కేవాడు. ఆరోసారి నేను ఏదో అనబోయాను. అద్దంలోంచి చూశాడు. నోరు మూసుకున్నాను. చెరువు గట్టు మీద మా ఆవిడ పులిహోర పెట్టింది, పాప రెండుసార్లు అడిగి తిన్నది. వచ్చేటప్పుడు రెండే ఆపులు. వాంతి లేదు.

ఆ తర్వాత ఆయన బండిలో లక్నవరం పోయి రెండు రోజులు ఉన్నాం, ఇంకో సెలవుల్లో రామప్ప. ఎప్పుడైనా నా చోటు వెనకే. నా చీటీ జేబులో ఉండేది, కొన్నాళ్లకు రాయడమే మానేశాను. బండి అమ్మేశాక కూడా వారానికోసారి దుకాణం ముందు ఆగి నాతో చాయ్ తాగేవాడు. పాప ఎట్లున్నదని తప్పకుండా అడిగేవాడు.

పాపకిప్పుడు పంతొమ్మిది. హనుమకొండలోనే డిగ్రీ చదువుతోంది. ఆయన చనిపోయిన రోజు నన్ను తన స్కూటీ మీదే ఆయన కొడుకు ఇంటికి తీసుకెళ్లింది. ఐస్ పెట్టె పక్కన చాలాసేపు నిలబడింది. బయటికి వచ్చి చెప్పులు వేసుకుంటూ, ఏదో ఒకటి మాట్లాడాలి కదాని, నిన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి నీ వాంతులు పోగొట్టినాయన అన్నాను.

పాప నా వైపు చూసింది. "నాకు బండి భయం కాదు డాడీ. నువ్వంటె భయముండె. బడి ఆటోల ఎన్నడన్న కక్కిన్నా? చెరువు గట్టు మీద తాత అడిగితె చెప్పిన. ఎవ్వరికీ చెప్పనన్నడు, మీ డాడీని వెనుకనే కూసోపెడుత అన్నడు."

కోపంగా అనలేదు, పరీక్షల తేదీలు చెప్పినట్టు చెప్పింది. నాకు సిగ్గేసింది. అన్నేళ్లు నా ఎదుట కూర్చుని చాయ్ తాగిన మనిషి ఒక్కసారీ నోరు జారలేదు. ఇంట్లోంచి ఏడుపులు వినిపిస్తున్నాయి, అప్పుడు నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన కోసమా, నా కోసమా అంటే విడదీసి చెప్పలేను.

తిరిగి వచ్చేటప్పుడు మిట్టమధ్యాహ్నం, రోడ్డు ఖాళీగా ఉంది, పాప కొంచెం జోరుగానే నడుపుతోంది. వెనక కూర్చుని సీటు కింది కమ్మీ గట్టిగా పట్టుకున్నాను. అద్దంలో చూసినట్టుంది.

"భయమైతాందా డాడీ?" అంది.

ఇన్నేళ్లలో ఎవరడిగినా నేను లేదనే చెప్పాను.

"జర" అన్నాను.

పాప స్పీడు తగ్గించింది. ఆటోలు, బస్సులు, చివరికి ఒక సైకిల్ ఆయన కూడా మమ్మల్ని దాటి వెళ్లిపోయారు. పాప అంతే మెల్లగా, రోడ్డు అంచున, ఇంటి దాకా నడిపింది.