కాలు కదపొద్దన్న సత్తార్

నరసరావుపేటలో నా వెల్డింగ్ షాపు, సత్తార్ ట్రాక్టర్ల షెడ్డు పక్కపక్కనే. ఇరవై రెండేళ్ళుగా ఇద్దరం రోజూ పోట్లాడుకుంటున్నాం, రోజూ కలిసే టీ తాగుతున్నాం. బొల్లాపల్లి రైతుకి ట్రాక్టర్ మొరాయిస్తే ముందు గుర్తొచ్చేది దేవుడు కాదు, సత్తారే.

అతనికి ఒక్కతే కూతురు, ఫరా. పన్నెండేళ్ళకే దాన్ని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టాడు. ట్రాక్టర్ వెనక చక్రాలకు చెరో బ్రేకు ఉంటుంది. వేగంలో ఒక్కదాన్నే తొక్కితే బండి తిరగబడుతుంది. దుర్గి దగ్గర సత్తార్ తమ్ముడు అట్లాగే పోయాడు. అందుకని పిల్లకి ఎప్పుడూ ఒకటే పాఠం.

"బండి పక్కకి లాగితే కాలు కదపబాక. చేతుల్తోనే తిప్పు."

కాలు కాస్త కదిలిందా, మోకాలి మీద పానాతో ఒకటి తగిలించేవాడు.

"కసాయోడివిరా నువ్వు! పసిపిల్లని కొడతావా?" అని నేను ఎగిరేవాణ్ణి.

"తమ్ముణ్ణి మట్టిలో పెట్టింది నేను, నువ్వు కాదు" అనేవాడు.

ఇంటర్ అయ్యాక ఆ పిల్ల విమానం నడుపుతానంది. "ట్రాక్టర్ తోలినోళ్ళంతా ఇమానాలు తోల్తారంట" అని టీ బంకు దగ్గర ఒకడు కూశాడు. గ్లాసు విసిరికొట్టి వాడి మీదికి పోయాను. సత్తార్ మాత్రం నవ్వి, పిల్లని వేరే రాష్ట్రంలో ఒక ట్రైనింగ్ స్కూల్లో చేర్చాడు. పోయిన మార్చిలో ఫరా మొదటిసారి ఒంటరిగా ఎగిరింది. ఆ రోజు సత్తార్ బజారంతా మిఠాయి పంచాడు, టీ బంకు దగ్గర కూసినవాడికి రెండు ఎక్కువే పెట్టాడు.

రెండు నెలలకు ఫోనొచ్చింది. విమానం దించేటప్పుడు ప్రమాదం, ప్రాణానికి భయం లేదన్నారు. ఇద్దరం రైలెక్కాం. దారిపొడవునా నేనెంత తిట్టినా సత్తార్ తిరిగి తిట్టలేదు. నాకు భయమేసింది.

ఆస్పత్రి ఎక్కడో తెలియక ముందు స్కూలుకే వెళ్ళాం. అక్కడ పెద్దసారు తెలుగాయనే. నెమ్మదిగా చెప్పాడు.

"చక్రాలు నేలకి తగిలాక ఎడమ నుంచి గాలి కొట్టింది. విమానం ఎడమకి లాగింది. నేల మీద దాన్ని కాళ్ళతో, పెడల్స్ తొక్కి తిప్పాలండీ. చేతిలో చక్రం తిప్పితే దారి మారదు. రోజూ బాగానే చేసేది. ఆ క్షణాన కంగారులో రెండు చేతులతో చక్రం తిప్పేసింది, కాళ్ళు బిగుసుకుపోయాయి. విమానం రన్‌వే పక్కనున్న కాలవలోకి పోయింది. ముందు నుంచీ బండ్లు నడిపిన పిల్లలు ఒక్కోసారి ఇలా చేస్తారు. పాత అలవాటు."

సత్తార్ ముఖంలో నెత్తురు లేదు. ఆ సారు నోరు నొక్కేయాలనిపించింది నాకు. పాపం, ఆయన తప్పేముంది! ఉన్నదే చెప్పాడు.

ఆస్పత్రిలో ఫరా ఎడమ కాలికి కట్టుతో పడుకుని ఉంది. చీలమండ నుజ్జయిందట. నడుస్తుందిగానీ ఆ పాదం ఇక వంగదని, విమానం నడిపే మాట మరిచిపోవాల్సిందేనని డాక్టరు ముందే చెప్పాడు. పిల్లకీ చెప్పేశారు. ఇరవై ఒక్కేళ్ళు దానికి. దేవుడనేవాడికి కళ్ళున్నాయా?

తండ్రిని చూసి నవ్వబోయింది.

"ఎట్టా జరిగింది బేటీ?" అన్నాడు సత్తార్.

"గాలి నాన్నా. చానా గట్టిగా కొట్టింది. కాళ్ళతో ఎంత తొక్కినా ఆగలా." చెబుతూ చెబుతూ దుప్పటి అంచు నలుపుతోంది.

సత్తార్ ఆ కట్టు మీద చెయ్యి వేసి చాలాసేపు ఉంచాడు.

"తొక్కే ఉంటావులే. గాలికి ఎవరేం చేస్తారు?" అన్నాడు. మందులు తెస్తానని లేచి వెళ్ళిపోయాడు. మందుల చీటీ మంచం మీదే ఉంది.

తలుపు మూసుకోగానే పిల్ల నా చెయ్యి పట్టుకుంది.

"బాబాయ్, మా సారు నాన్నకి ఏం చెప్పలేదుగా?"

"ఏం చెప్పలేదమ్మా" అన్నాను.