తెల్లదుప్పటి మీద హాజరు

మా వీధిలో పురుగుమందు కొట్టే అతన్ని అందరూ తెల్లదుప్పటి అనే పిలుస్తారు. వీపున మందు డబ్బా, చంకలో మడతపెట్టిన పాత దుప్పటి. ఆ దుప్పటి పరవనిదే డబ్బా మూత తియ్యడు.

నేను అతన్ని పిలిచింది చిక్కుడు పాదు కోసం. మా ఆయన పోయే ముందు వారం పెరటి గోడ పక్కన వేసిన పాదు అది. పన్నెండేళ్లుగా ఏటా దాచుకుంటూ వచ్చిన విత్తనం. ఆసారి డబ్బా బోర్లించి మొత్తం వేసేశారు. మొలిచినవి మూడు, బతికింది ఒకటి. దానికీ పేనుబంక పట్టింది. లేత కొసలు నల్లగా జిగటగా అయిపోయి పూత రాలిపోతోంది. ఈ పాదు పోతే ఆ విత్తనం ఇక లేనట్టే.

నేను ఊరికే కూర్చోలేదు. రోజూ పొద్దున్నే ఆకు ఆకూ తిప్పి, మొసలి పిల్లల్లా గరుకుగా ఉన్న నల్ల పురుగుల్ని ఏరి సబ్బు నీళ్లలో వేసేదాన్ని. పేనును కనేవి అవేనని నా నమ్మకం. ఏరేకొద్దీ పేను పెరిగింది.

అతను పాదు కింద దుప్పటి పరిచి, పందిరిని కర్రతో రెండు దెబ్బలు కొట్టాడు. బిలబిలమని ఏవేవో రాలాయి. మోకాళ్ల మీద కూర్చుని భూతద్దం తీశాడు.

"మందు కొట్టమంటే పక్క వేస్తున్నావేంటయ్యా, నిద్రొస్తోందా?" అంది మా అత్తయ్య గడప దగ్గర నుంచి.

"హాజరు వేస్తున్నా పెద్దమ్మా. ఎవరెవరున్నారో చూడకుండా అందర్నీ చంపేస్తే ఎలా?"

"పురుగంటే పురుగే."

"కాళ్లు లెక్కపెట్టు. ఆరుంటే చీమలు, ఈగలు, సీతాకోకచిలకలు. ఎనిమిదుంటే సాలీడు. లెక్క తప్పిపోతే జెర్రి, రోకలిబండ పురుగు. కాళ్లన్నీ కీళ్లుకీళ్లుగా ఉన్నాయా, అంతా ఒకే వంశం. బజార్లో రొయ్యా పీతా కూడా వీళ్ల చుట్టాలే."

"ఛీ! ఇన్నాళ్లూ నేను తిన్నది పురుగుల చుట్టాన్నా?"

"లొట్టలేసుకుంటూ తిన్నావుగా!"

అత్తయ్య నవ్వింది. కొడుకు పోయిన నాలుగు నెలల్లో అదే మొదటిసారి. నేనూ వెళ్లి దుప్పటి అంచున కూర్చున్నాను.

పాదు మొదట్లో ఎండాకులు తిరగేసి రోకలిబండ పురుగును చూపించాడు. రాలిన ఆకును నమిలి మట్టి చేసేది అదేనట. చీమలు పేనుకు కాపలా కాస్తాయట, అది విడిచే తీపి చుక్క కోసం. వింటూ వింటూ సబ్బు నీళ్ల గిన్నె అతని ముందు పెట్టాను.

"మరి ఇవి?"

అతను గిన్నె మీదికి వంగి భూతద్దంతో చూశాడు. "రోజుకెన్ని చంపారు వదినా?"

"పది, పదిహేను."

"ఇవి అక్షింతల పురుగు పిల్లలు. పేనును తినేవి ఇవే. మీరు పోలీసుల్ని కట్టేసి దొంగలకు తలుపు తీశారు."

నా మొహం చూసి గొంతు తగ్గించాడు. తానూ ఒకప్పుడు వాళ్లమ్మ వేసిన గుమ్మడి పాదు పూత మీదుండగా మందు కొట్టాడట. తేనెటీగలు చచ్చిపోయాయి. ఆ ఏడు పువ్వులే తప్ప ఒక్క కాయ పడలేదట. ఈ దుప్పటి ఆవిడదే.

మా పాదుకు మందు కొట్టలేదు. గోడ నుంచి పందిరికి కట్టిన తాడు మీదుగా చీమలు పాకుతుంటే దాన్ని విప్పించి, "మిగిలిన పిల్లల్ని ముట్టుకోకండి," అన్నాడు.

"పాదు చస్తే?" అంది అత్తయ్య.

"నా దుప్పటి చింపి మసిగుడ్డలు చేసుకో పెద్దమ్మా."

నాకు నమ్మకం కుదరలేదు. ఒక పిల్లను పేనుపట్టిన ఆకుతో సహా గాజు సీసాలో పెట్టి, మూతికి పలచటి గుడ్డ కట్టాను. రోజూ తాజా ఆకు వేస్తూ వచ్చాను. అది రోజుకెన్ని పేన్లు తిన్నదో అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని లెక్కపెట్టేది. "ముప్పై నాలుగు! దీని కడుపు బంగారం గానూ!" వారానికి అది ఆకుకు తోక అంటించుకుని కదలడం మానేసింది. చచ్చిందనుకున్నాను. నాలుగైదు రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం వీపు చీలి, పసుపు రంగు పురుగు బయటికొచ్చింది. మచ్చ ఒక్కటీ లేదు. వంట మానుకుని చూస్తూ కూర్చున్నాం. సాయంత్రానికి ఎరుపెక్కి, చుక్కలు ఒక్కొక్కటే తేలాయి. దాన్ని పాదు మీద వదిలాను. అప్పటికే పైన దానిలాంటివి మరో మూడు తిరుగుతున్నాయి.

పేను తగ్గి పూత నిలిచింది. చివరికి తొమ్మిది కాయలు ఎండాయి. ఊపితే గలగలమన్నాయి. గింజలు డబ్బాలో పోసి, ఐదు అతనికి ఇచ్చాను. దుప్పటి కొసన ముడి వేసుకున్నాడు.

"ముందు వాటి కాళ్లు లెక్కపెట్టుకో," అంది అత్తయ్య.