దొర ఇంటి బెల్లం

నా చిన్నప్పుడు మెట్‌పల్లి పోయే తొవ్వ మీద మా నాయనమ్మ ఎండాకాలమంతా చలివేంద్రం నడిపేది. నాలుగు గుంజలు, మీద తాటికమ్మలు, ఇసుకలో నీళ్ల రంజన్లు, ముందర కట్టిన ఒక ఎర్రగుడ్డ. ఆ గుడ్డ మీద మా తాత పేరు దూది అక్షరాలతో ఉండేది. ఆమె కొడుకు, మా బాపు, బొగ్గుతో గీసిస్తే, పిండి ఉడకబెట్టిన లై పూసి, దూదిని పొరలు పొరలుగా అదిమి అతికించింది నాయనమ్మే. ఆమెకు చదువు రాదు. ఆ ఒక్క పేరును మాత్రం వేళ్లతో తడిమి చదువుకునేది.

తాత నేను పుట్టకముందే పోయిండు. నిజాం కాలంలో మా ఊరి దొర మేనా ఎక్కి బాసరకు పోతుంటే, వెట్టికి పట్టుకుపోయిన వాళ్లలో తాత ఒకడు. రోహిణి ఎండలో నెత్తి మీద దొర ఇంటి పెట్టె. మేనాలో నీళ్ల కూజా ఉండె. ఒక్క గుక్క తాగుతానంటే దొర ఆగనియ్యలే. తర్వాత నాయనమ్మ రంజన్లు పెట్టిన చోటనే తాత కూలిపోయిండు. దొర మేనా దిగిండు, నిజమే. పెట్టె పగిలిందేమోనని చూసుకోవడానికి దిగిండు.

పోలీసు యాక్షన్ అప్పుడు ఈ మహానుభావుడు పట్నం పారిపోయి, అంతా సద్దుమణిగినంక ఖద్దరు టోపీతో తిరిగొచ్చిండు. నిజాం కాలపు రూమీ టోపీని ఏ సందుగలో దాచిండో తెలియదు. టోపీ కింద తల మాత్రం అదే.

ఒక వేసవిలో తాసిల్దారు ఊరికి వస్తుండని కబురొచ్చింది. చూపించుకుందామంటే దొర దగ్గర ఒక్క మంచిపని లేకపాయె. పక్కవాని నీడను కూడా తనదే అనుకునే మనిషి కదా, నేరుగా చలివేంద్రం కాడికి వచ్చిండు.

"ఏమే ముసలిదానా, ఆ పేరు తీసి నా పేరు పెట్టు. పోయినోనికి పేరెందుకు?"

బాపు పండ్లు కొరికిండు. కానీ జాగ దొరది, కాదంటే రంజన్లు పగలగొట్టిస్తడు. నాయనమ్మ కొంగు సవరించుకొని నిమ్మళంగా చెప్పింది.

"గట్లనే దొరా. గని తమరి పేరంటే గట్టిగ నిలవాలె గద. లైల జర బెల్లం పడాలె. మా ఇంట్ల ఏడున్నది?"

దొర మురిసిపోయి ఒక పెద్ద బెల్లపు ముద్ద పంపించిండు. తన పేరుకు తక్కువ చేయొద్దని జీతగానితో చెప్పి పంపిండు కూడా. బాపు ఆ ముద్దను ఓ మూలకు నెట్టి, బొగ్గుముక్క వెతకబోయిండు.

ఆమె గోరువెచ్చని నీళ్లలో ముంచిన బట్టను ఒక్కో అక్షరం మీద పరిచి, నానినంక అంచు పట్టి మెల్లగా లేపింది. చూద్దును కదా, ఎండకు గుడ్డంతా వెలిసి గులాబీ రంగుకు దిగింది. దూది ఉన్నచోట మాత్రం కొత్తగుడ్డ ఎరుపు. అక్షరాలు పోయినయ్, తాత పేరు పోలేదు.

"నాయనమ్మా, తాత పేరు ఇంకా కానొస్తుంది," అన్నా.

"కానొస్తది బిడ్డా. ఊకో."

ఆ ఎరుపు మీదనే జిగట జిగట బెల్లపు లై పూసి, బాపు గీసిన వంకరలకు రెండింతల లావు దూది పెట్టి తాత పేరును దొర పేరుతో కప్పేసింది.

మరునాడు తాసిల్దారు వచ్చేసరికి దొర పూలదండ పట్టుకొని సరిగ్గా గుడ్డ కింద నిలబడ్డడు. తెల్లటి పేరు అప్పటికే నల్లబడుతుంది. చూస్తుండగానే అక్షరాలు కదిలినయ్. ఊళ్లో ఉన్న గండుచీమలన్నీ దొర పేరు మీదనే ఉన్నయ్. ఆ పేరులోని ఒక దీర్ఘాన్ని రెండు చీమలు భుజాన వేసుకొని కోరుట్ల దాకా మోసుకుపోయినయని చెప్తే మా పిల్లలు నమ్మరు. పోనీ, కోరుట్ల కాకపోవచ్చు. ఊరి పొలిమేర దాటడం మాత్రం నేను చూసిన.

కొన్ని చీమలకు దొర మెడ దగ్గరయింది. దండ కింద పడేసి, ఎగురుకుంటూ, "దులుపుర్రి, దులుపుర్రి," అని అరిచిండు. జీతగాడు తువ్వాలతో దొరనూ, మీది గుడ్డనూ కొట్టిన దెబ్బకు దూదంతా ఊడి వచ్చింది. గుడ్డ మీద తాత పేరు ఎర్రగా మిగిలింది.

తాసిల్దారు పైకి చదివి, "ఎవరీయన?" అని అడిగిండు.

నాయనమ్మ చెంబుతో నీళ్లందిస్తూ, "మా ఇంటాయన సారూ. గీ దొర పెట్టె మోసుకుంట, గీడనే నీళ్లకు తండ్లాడి పోయిండు," అన్నది.

ఆయన నీళ్లు తాగి, చెంబును రెండు చేతులతో తిరిగిచ్చిండు. దొర దిక్కు మళ్లీ చూడలే. తర్వాత ఆ గుడ్డ జోలికి ఎవరూ రాలేదు.

చీమలొస్తాయని ముందే తెలుసా అని ఆ సాయంత్రం అడిగితే, "బెల్లం ఆళ్లదే, పేరు ఆళ్లదే. లై ఒక్కటే నాది," అని రంజన్లు కడుక్కుంటూ పోయింది.

ఇప్పటికీ ఎవరైనా పెద్దమనిషి నా చేతి పని మీద తన పేరు పెట్టమంటే నేను కాదనను. బెల్లం మాత్రం ఆయన ఇంటి నుంచే తెప్పిస్తాను.