తెల్లరాయికీ స్తంభానికీ మధ్య

“...గా గొట్టంల కన్ను పెట్టి కూసుంటే గుట్ట కదుల్తదా? కదిలేది నీ బుర్రనే.”

“గొట్టం కాదే. లెన్స్.”

“ఏదైతేంది. ముందు నా బియ్యం డ్రమ్ము మీద నుంచి తియ్యి. ఎసరు మరుగుతాంది.”

దానిష్ కంచె దగ్గర బండి ఆపి, లోపల పగిడయ్యకూ అతని భార్య ముత్తక్కకూ మధ్య మాటలు సద్దుమణిగేదాకా నిలబడ్డాడు. ఇల్లందులో తండ్రి పెట్టిన ఫొటో స్టూడియోను ఇప్పుడతనే నడుపుతున్నాడు. పగిడయ్య దగ్గరున్న మిర్రర్‌లెస్ కెమెరా ఒకప్పుడు ఆ స్టూడియోలో పెళ్లిళ్లు తీసిందే.

పగిడయ్య గని వర్క్‌షాపులో ముప్పై రెండేళ్లు టర్నరుగా పనిచేశాడు. రాళ్లవాగు గూడెం నుంచి లేత్ మిషను మీద చెయ్యి వేసిన మొదటి మనిషి. ఇనుప ముక్కను వేళ్ల మధ్య పట్టుకుని మందం చెప్పేవాడు. కొలిచి చూస్తే సరిపోయేది. రిటైరయ్యే ముందు ఏడాది హైదరాబాదు జుమ్మెరాత్ బజారులో పాత సామాన్ల కుప్పలో అతనికి ఒక రష్యా లెన్సు దొరికింది. మూరెడు పొడవు, చేతికి బరువు. కొత్త కెమెరాలకు అది పట్టదని అందరూ అన్నారు. పాత కెమెరాల్లో లోపల అద్దం ఉండేది, లెన్సు దానికి తగినంత ఎడంగా కూర్చునేది. కొత్తవాటిలో ఆ అద్దం లేదు. తగ్గిన ఆ ఎడాన్ని ఒక రింగు నింపాలి, అంతే. మందం వెంట్రుకవాసి ఎక్కువైతే మాత్రం దూరాన ఉన్నవి ఎంత తిప్పినా మసకగానే ఉంటాయి. పగిడయ్య అల్యూమినియం ముక్క తీసుకుని నాలుగు రోజులు కూర్చున్నాడు. రింగు బిగించిన రోజు కిన్నెరసాని ప్రాజెక్టు దగ్గరికి పోయి, అవతలి గట్టున పడుకున్న మొసలి పళ్లు లెక్కపెట్టి వచ్చాడు.

ఆ లెన్సు ఇప్పుడు మొసళ్ల వైపు లేదు. గూడెం వెనక మట్టిగుట్ట వైపు ఉంది.

బొగ్గు కోసం తవ్వి తీసిన మట్టిని పదిహేనేళ్లుగా అక్కడ పోస్తున్నారు. దాని కింద ముప్పై ఒక్క ఇళ్లు. జూన్ నెలాఖరులో, మొదటి వానల తర్వాత, గుట్ట మీదికి పోయే మేకల బాట ఒకచోట విరిగినట్టు పగిడయ్యకు కనిపించింది. మర్నాడు పైకెక్కి ఒక బండరాయికి సున్నం పూసి వచ్చాడు. ఆ తర్వాత ప్రతి ఆదివారం పొద్దున్నే వాగు అవతలి కల్వర్టు గోడ మీద కెమెరా పెట్టి ఫొటో తీస్తున్నాడు. లెన్సు పక్కకు తిరగకుండా నల్ల టేపు చుట్టాడు. ఫొటోలో కింద ఇళ్ల కప్పులు, వాటి వెనక కదలని రాతిచట్టు మీద నాటిన సిమెంటు కరెంటు స్తంభం, దాని పైన వాలులో తెల్లరాయి. తెర మీద అడ్డంగా కనిపించే గీతకు రాయి సరిగ్గా ఆనేది. మూడో ఆదివారానికి రాయి గీత దిగిపోయింది. ఆ మాట గూడెం పెద్ద పోతయ్య చెవిన వేస్తే, ఆయన అందరినీ మూటలు కట్టుకోమన్నాడు.

ఊరు కదిలేముందు ఫొటోలు ఒకసారి చూసి చెప్పమని పగిడయ్య దానిష్‌ను పిలిపించాడు.

దానిష్ డ్రమ్ము మీది కెమెరా తీసి ఫొటోలన్నీ చూశాడు. తర్వాత ఒక చేత్తో కెమెరా, ఒక చేత్తో లెన్సు పట్టుకుని మెల్లగా ఊపాడు. టక్కుమంది.

“కాకా, రింగు లూజున్నది.”

“నా రింగా?”

“నువ్వే సూడు.”

పగిడయ్య ఊపి చూశాడు. టక్కుమంది. ఇంకోసారి ఊపాడు. ముత్తక్క పొయ్యి దగ్గర నుంచి తల తిప్పి మొగుడి మొహం చూసి, మళ్లీ ఎసరు వైపు తిరిగింది.

“ఫొటో జరిగితే గుట్ట జరిగినట్టు కాదు కాకా,” అన్నాడు దానిష్.

ఆ సాయంత్రమే పగిడయ్య ఇల్లిల్లూ తిరిగాడు. “తప్పు నా పనిల ఉన్నది. గుట్ట మంచిగనే ఉన్నది,” అని ముప్పై గుమ్మాల్లో చెప్పాడు. మూటలు విప్పారు. పోతయ్య పగలబడి నవ్వి, “ఓ ఫొటోల దొరా, ఇంకోపారి ముందు నీ మరలు సూసుకో, తర్వాత మా గుట్ట మీద పడు,” అన్నాడు. మర్నాడే గుట్ట మొదట్లో మేకలకు కొత్త పాక వేయించాడు.

ఇల్లందులో తెలిసిన లేత్ షాపులో అడిగి పగిడయ్య కొత్త రింగు తిప్పాడు. ఈసారి మూడు మరలకు బదులు ఆరు. అందుకు రెండు ఆదివారాలు పోయాయి. ఆ రెండు వారాలూ వాన వదల్లేదు. చేతిపంపులో ఎర్రనీళ్లు వస్తున్నాయి. వానకు అంతేనని అందరూ అనుకున్నారు. పైన లారీలు మట్టి దించుతూనే ఉన్నాయి.

వాన తెరిపిచ్చిన ఆదివారం పగిడయ్య కల్వర్టు గోడ మీద కెమెరా పెట్టాడు. ఊపి చూశాడు. చప్పుడు లేదు. తెర మీద బొమ్మను పెద్దది చేసి, తెల్లరాయి అంచు తేటపడేదాకా వేలితో తిప్పాడు. రాయి గీత దగ్గర లేదు. చాలా కిందికి దిగింది.

ఇంటికొచ్చి పాత ఫొటోలు తీశాడు. ఈసారి గీతను చూడలేదు. మిల్లీమీటరులో వంతులు కూడా కొలిచే వెర్నియర్ తెచ్చి తెర మీద స్తంభం కొసకూ తెల్లరాయికీ మధ్య కొలిచాడు. రింగు లూజుంటే రాయి, స్తంభం రెండూ కలిసే జరగాలి. వాటి మధ్య ఎడం మారకూడదు. మొదటి ఫొటోలో ఇరవై రెండు మిల్లీమీటర్లు. మూడోదాంట్లో పంతొమ్మిదిన్నర. ఇవాళ్టిదాంట్లో పదకొండు.

రింగు లూజున్న మాట నిజమే. గుట్ట జారుతున్న మాటా నిజమే. తన చేతిపనిలో తప్పు కనబడగానే అతను ఇంకెక్కడా వెతకలేదు.

ముత్తక్క వచ్చి భుజం మీదుగా తెరలోకి చూసింది. వాళ్ల రేకుల కప్పు మీదికి గుట్ట వంగి నిలబడినట్టుంది.

“ఇంత దగ్గరున్నదా?”

“అంత దగ్గర లేదు. ఈ లెన్సుల దూరంవి గట్లనే కనబడ్తయి.”

“మరి కదిలిందా?”

“అవ్.”

ఆమె గుమ్మంలోంచి పెరటి వైపు చూసింది. పెరట్లో ఆరేసిన బట్టలు అక్కడే ఉన్నాయి. తీయడానికి పోలేదు.

గుట్ట పని చూసే కాంట్రాక్టు సూపర్‌వైజరుకు పగిడయ్య ఫోను చేశాడు. వాన పూర్తిగా తగ్గాక సర్వే వాళ్లను పంపిస్తామన్నాడతను. అక్కడి నుంచి పోతయ్య ఇంటికి పోయాడు. పోతయ్య మంచం మీద కూర్చుని చుట్ట చుట్టుకుంటున్నాడు. పగిడయ్య ఫొటోలు చూపించాడు, అంకెలు చెప్పాడు, రింగు తీసి చేతిలో పెట్టాడు.

“గట్టిగనే ఉన్నది,” అన్నాడు పోతయ్య తిప్పి చూసి. “మొన్నటిది గూడ గట్టిగున్నదనే అన్నవు గద తమ్మీ.”

“అప్పుడు నేను తప్పు సూసిన అన్నా. గుట్ట తప్పు కాదు.”

“పొమ్మన్నది నువ్వే, వద్దన్నది నువ్వే. ఇప్పుడు మళ్ల పొమ్మంటె ఆడోళ్లు నన్ను కొడ్తరు. పోయి అన్నం తిను.”

గుట్ట మొదట్లో కొత్త పాకలో మేకలు అరుస్తున్నాయి. వచ్చే దారిలో పగిడయ్య నాలుగిళ్ల ముందు ఆగాడు. రెండిళ్లలో నవ్వారు. ఒక ఇంట్లో టీ తాగమన్నారు. చివరి ఇంటామె, “నీ కెమెరా నీడ మా ఇంటి మీద పడనీకు పెద్దయ్యా,” అని తలుపు దగ్గరికి వేసుకుంది.

ముత్తక్క గుమ్మంలోనే ఉంది.

“ఏమన్నడు?”

“అన్నం తినుమన్నడు.”

“మరి మిగిలినోళ్లు?”

“నా మాటకు ఎవ్వరు లేస్తలేరు. నా మాట పోయినసారే అయిపోయింది.”

అతను గోడ మేకుకున్న సంచిలోంచి పద్నాలుగో నంబరు పానా తీసి జేబులో పెట్టుకున్నాడు. నిచ్చెన తెచ్చి ఇంటి ముందు గోడకు ఆనించాడు.

“వండింది గిన్నెలకెత్తు,” అన్నాడు. “మనింటి రేకులు ఇప్పుతున్న. పొద్దుగూకెవరకు ఒక్క రేకు గూడ ఉండదు. మనం పోతున్నమని అందరు సూడనీ.”