భాగహారంలో పోయిన సున్న

1979 జూన్‌లో నాకు బి.ఇడి. అసిస్టెంటుగా పదోన్నతి వచ్చింది. తొర్రూరు పక్క పల్లెలో ప్రాథమిక పాఠశాల వదిలి, దగ్గర్లోని ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టరుగా చేరాను. మూడు ఊళ్ల బడుల నుంచి పిల్లలు అక్కడి ఆరో తరగతికి వచ్చేవారు. అందులో నా పాత బడి కూడా ఒకటి.

త్రైమాసిక పరీక్షలో సగానికి పైగా లెక్కల్లో తప్పారు. మామూలుగా అయితే మొత్తం మార్కులు రిజిస్టరులో ఎక్కించి, పేపర్లు కట్ట కట్టి బీరువాలో పెడితే పని అయిపోయినట్టే. హెడ్మాస్టరు నర్సయ్య సారు మాత్రం కట్ట కట్టనివ్వలేదు. పొడవాటి కాగితం ఇచ్చి, నిలువుగా పేర్లు, అడ్డంగా ప్రశ్నల నంబర్లు వేయమన్నాడు. ఒప్పుకు నీలం టిక్కు, తప్పుకు ఎర్ర ఇంటూ. ఆ పట్టికను స్టాఫ్ రూములో మేం దుప్పటి అనేవాళ్లం.

నాలుగో ప్రశ్న కింద దాదాపు సగం ఎరుపే. 618ని 6తో భాగించమంటే చాలామంది 13 అని రాశారు. ప్రాథమిక బడుల్లో భాగహారం సరిగా చెప్పడం లేదని సమితి విద్యాధికారికి ఉత్తరం రాసి, సంతకానికి సారు ముందు పెట్టాను.

సంతకం చేయకుండా, "జర ప్రతి పేరు పక్కన అయిదో తరగతి ఎక్కడ చదివిన్రో రాయిన్రి" అన్నాడు.

అడ్మిషన్ రిజిస్టరు చూసి రాశాను. నా దగ్గర చదివినవాళ్లు గట్టివాళ్లని నా ధీమా. తీరా చూస్తే మిగతా రెండు ఊళ్ల పిల్లల్లో ఎక్కువమంది ఒప్పే చేశారు. ఎర్ర ఇంటూలన్నీ ఇంచుమించు నా పాత బడి పిల్లలవే.

కారణం మనం ఊహించడం దేనికని సారు సమ్మక్కను పిలిపించాడు. నా దగ్గర అయిదో తరగతిలో ఫస్టు వచ్చిన పిల్ల. బోర్డు మీద లెక్క చేస్తూ చెప్పింది:

"ఆరుల ఆరు ఒక్కసారి పోతది. ఒకట్ల ఆరు పోదు. పోకపోతే పక్కంకె దించుకోవాలె. మీరే చెప్పిన్రు గద సార్."

నిజమే, చెప్పాను. దించుకునే ముందు భాగఫలంలో సున్న వేయాలని మాత్రం నోటితో చెప్పలేదు. బోర్డు మీద వేసి ఊరుకునేవాణ్ణి.

"మీరు చెప్పింది చెప్పినట్టే నేర్సుకున్నరు సార్" అన్నాడు నర్సయ్య సారు, నవ్వు ఆపుకుంటూ. నేను ఆపుకోలేకపోయాను. ఉత్తరం అక్కడే చింపేశాను.

మరుసటి వారమంతా, భాగించే ముందు జవాబు సుమారుగా ఎంత రావాలో చెప్పించాను. ఆరుగురికి తలా వంద చింతగింజలు పంచితేనే ఆరువందలవుతాయి కదా అని సమ్మక్కను అడిగితే, "మరి పదమూడే వస్తే మిగిలినయి ఎవరు తీస్కపోయిన్రు సార్?" అంది. క్లాసంతా నవ్వు.

శనివారం సైకిలు మీద పాత బడికి వెళ్లాను. 'పోకపోతే పక్క అంకె దించు' అని నేను పెద్దక్షరాలతో గోడ మీద రాసిన సూత్రాన్నే కొత్త టీచరమ్మ శ్రద్ధగా వల్లె వేయిస్తోంది. సంగతి చెప్పి, రంగు డబ్బా తెప్పించి, పిల్లల ముందే దాన్ని 'పోకపోతే సున్న వేసి దించు' అని దిద్దాను.

అర్ధ సంవత్సర పరీక్షలో భాగహారం ప్రశ్న కింద మూడే ఎర్ర ఇంటూలు మిగిలాయి. భిన్నాల ప్రశ్న కింద మాత్రం మూడు ఊళ్ల పిల్లలకూ ఎరుపు పడింది. ఆ పాఠం ఆ ఏడు నేను చెప్పిందే కాబట్టి ఎవరికీ ఉత్తరం రాయలేదు.

ఆ తర్వాత ఏ బడిలో పనిచేసినా పట్టిక వేయకుండా పేపర్లు తిరిగి ఇవ్వలేదు. ఒకే తప్పు ఎక్కువమంది చేస్తే, ముందు నా పాఠం నోట్సు తీసి చూసుకునేవాణ్ణి. పిల్లలను అడగడం ఆ తర్వాతే.